నాలుగువందల పన్నెండు చుక్కలు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో విప్లవ్ ముందు రక్తం పెట్టి, ఆనక అబద్ధమాడి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, విప్లవ్ పేరు వినగానే సిగ్గుపడి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. ఈ సంగతి చెప్పింది విప్లవే. ఆ మంగళవారం పొద్దున పది దాటకముందే నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి వినేవాళ్ళెవరూ దొరక్క చాయ్ పోసే ఆమెకు చెప్పాడు.

"నా సీలు పడ్డంక ఇగ దేవుడొచ్చినా మార్చుడుండదు," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "మూడేండ్లల్ల నేను జేసిన ఒక్క తప్పు చూపెట్టు మొగిలీ. మీసం తీసేస్త."

మీసం ఇంకా సరిగా మొలవలేదు కాబట్టి పందెంలో పెద్ద నష్టమేమీ లేదు. పక్క సీటులోని మొగిలి ఒక చిన్న గాజు గొట్టం మిషన్లో పెట్టాడు.

"అయితే గీ కేసు జూడు. డాక్టర్లకు అంతు దొరుకుతలేదట."

ఆ మిషన్ పేరు ఆనవాలు. చూడడానికి ఎండాకాలం కూలర్‌లా ఉంటుంది, చప్పుడు కూడా అలాగే చేస్తుంది. ఒక్క చుక్క రక్తం వేస్తే అర నిమిషంలో తెర మీద గుట్టలు లేస్తాయి. ఒక్కో మత్తుకు ఒక్కో గుట్ట. గంజాయిది ఎడమవైపు, సూదిమందులవి మధ్యలో, కల్లులో కలిపే నిద్రపొడిది చిట్టచివర. గుట్ట లోపల చెట్టు మొద్దును కోసినట్టు వలయాలు కనబడతాయి, తాగిన ఏడాదికొకటి. తాగినవాడు మరిచిపోయినా, ఇంట్లోవాళ్ళు క్షమించినా, ఎముకల్లోని మూలుగ మాత్రం మరిచిపోదని ఆ మిషన్ కనిపెట్టినవాళ్ళు తేల్చారు. కొత్త రక్తాన్ని పుట్టించినప్పుడల్లా పాత గుర్తును కూడా అచ్చు వేసి పంపుతుందట.

విప్లవ్ తెర వంక ఓరకంట చూశాడు. చివర పెద్ద గుట్ట.

"ఎఫ్ పదమూడు," అన్నాడు. "నిద్రపొడికి పక్కా బానిస. నలభై అయిదేండ్లుంటయి. కాజీపేట దిక్కు మనిషి. పెండ్లాం పుట్టింటికి పోయింది."

"పెండ్లాలు శానమందే ఉండిరి," అన్నాడు మొగిలి. "ఏడాదిన్నర మేకపోతురా అది. కల్లు కాంపౌండెనుక గుంతల నీళ్ళు దాగెటిది. మా బామ్మర్ది మటన్ దుకాణంల పొద్దుగాల్నే కూరైపోయింది. వలయాలు లెక్కపెట్టలేదా? ఒకటే ఉన్నది గద!"

రక్తానికి కోడ్ రాసి సీలు వేసే నలభై మంది కోడర్లు నవ్విన నవ్వుకు మూడో అంతస్తులో అద్దాలు పగిలాయని చెప్పుకున్నారు. అద్దాలు పగలలేదు. విప్లవ్ మాత్రం తప్పంతా మేకదేనని, అది మొదటే మేకనని చెప్పుకోవాల్సిందని వాదించాడు.

వాదన సగంలో ఉండగా ఫోన్ మోగింది. దవాఖాన నుంచి సువార్త సిస్టర్.

"విప్లవ్, మీ అమ్మకు పంపు ఓపెనైతలేదు. నొప్పికి తట్టుకుంటలేదు. జల్ది రా."

*

విప్లవ్ తల్లి కొమురమ్మ ముప్పై రెండేళ్ళు బీడీలు చుట్టింది. వెన్నులోకి పాకిన క్యాన్సర్‌తో మంచం పట్టాక కూడా ఆమె వేళ్ళు ఊరుకునేవి కావు, దుప్పటి అంచును ఆకులా మడిచి చుడుతూనే ఉండేవి. ఆ రోజు చుట్టడం లేదు. రెండు పిడికిళ్ళలో దుప్పటిని నలిపి పట్టుకుని ఉంది.

"అవ్వా!"

"మెల్లగ మాట్లాడు కొడుకా. నీ గొంతు గూడ నొస్తాంది నాకు."

నిన్నటిదాకా మామూలు మాత్రలతో నెట్టుకొచ్చారు. ఆ పొద్దున డాక్టరు మార్ఫిన్ రాశాడు. మంచం పక్కన గోడకు టిఫిన్ డబ్బా అంత పంపు ఉంది. అందులో పేషెంట్ వేలు పెట్టాలి. సూది గుచ్చి, రక్తాన్ని చదివి, ఆ మనిషి మీద మత్తుకు బానిస అన్న సీలు లేకపోతేనే మందు వదులుతుంది. రాష్ట్రంలో మత్తు కలిసిన మందు ఉన్న ప్రతి పంపుకూ, ప్రతి బీరువాకూ ఇదే తాళం. తాళం వచ్చిన కొత్తలో దవాఖానల నుంచి సూదిమందులు దొంగిలించుకుపోవడం ఆగింది. కొడుకులు పాడైపోయిన తల్లులు ఆనవాలు కేంద్రం మెట్లకు పసుపు కుంకుమ పెట్టి వెళ్ళారు.

సువార్త సిస్టర్ కొమురమ్మ పిడికిలి విప్పి వేలు పంపులో పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. కింద అక్షరాలు నడిచాయి: ఎఫ్ 13. ఇవ్వడం కుదరదు. సీలు నంబరు 31.

విప్లవ్ ఆ నంబరును రోజుకు రెండువందలసార్లు చూస్తాడు. తన బొటనవేలి నంబరు అది.

"ఈ నెలల గిది నాలుగో మంచం," అంది సిస్టర్ గొంతు తగ్గించి. "నాలుగింటికీ ఈ ముప్పై ఒకటే. ఎవడో గాని, వాని చెయ్యిరగ."

"ఇరగాలె సిస్టర్," అన్నాడు విప్లవ్.

తన చేతికి తనే శాపం పెట్టుకుని, పైగా శాపనార్థాల్లో తోడు రాగం తీసిన మనిషి ఆ వార్డు చరిత్రలో ఇంకొకడు లేడు.

"ఎఫ్ పదమూడంటే ఏందిరా?" అంది కొమురమ్మ.

"ఏం లేదవ్వా. కంప్యూటర్ల ఏదో గల్తీ."

"మత్తుకు బానిసైనోళ్ళని పెద్దమ్మా," అంది సిస్టర్, దాచి లాభం లేదన్నట్టు.

కొమురమ్మ కళ్ళు మూసుకుంది. నవ్వబోయింది గానీ వెన్ను ఒప్పుకోలేదు. "తాగి సచ్చింది మీ నాయిన. ఆయినకు రాయవోయి నాకు రాసిన్రేమో చూడు బిడ్డా. ఆయిన ఉన్నప్పుడూ గంతే. ఆయిన జేసినయన్నీ నా మీదికే వచ్చేటియి."

"చూస్తనవ్వా. ఇప్పుడే పోయి చూస్త."

"రెండు నిమిషాల పనేనా?"

"రెండు నిమిషాలే."

అంత చిన్న అబద్ధం వాడు జీవితంలో ఎప్పుడూ ఆడలేదు. ఎప్పుడూ పెద్దవే ఆడాడు, అవెవరినీ బాధపెట్టలేదు.

*

అయిదు నెలల కిందట బీడీ కాలనీలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. కళ్ళద్దాలు ఊరికే ఇస్తున్నారని ఆడవాళ్ళంతా వెళ్ళారు, వెళ్ళిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక చుక్క రక్తం తీశారు. నాలుగువందల పన్నెండు చుక్కలు. అవి కేంద్రానికి పేర్లు లేకుండా, నంబర్లతో వచ్చాయి. పేరు చూస్తే కోడరు మొహమాటపడతాడని పేర్లు తీసేస్తారు.

మిషన్ రక్తంలో ఏముందో చెబుతుంది. ఎందుకుందో చెప్పలేదు. అందుకే మనిషిని కూర్చోబెట్టారు. కోడర్లకు మొదటి రోజు నేర్పే పాఠం ఒక్కటే. రక్తంలో మత్తు కనబడితే ఆర్ డెబ్బై ఎనిమిది, అంటే కనబడింది అని మాత్రమే. దానికి ఏ తాళమూ పడదు. ఎఫ్ పదమూడు అంటే మనిషి దానికి బానిస అని. ఆ మాట డాక్టరు తన నోట్‌లో రాసి ఉండాలి. డాక్టరు రాయనిది కోడరు రాయకూడదు. సీలు వేసే ముందు తెర మీద 'నోట్ చూశాను' అనే గడిలో టిక్ పెట్టాలి.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలలోపు శిబిరం మొత్తం ముగిస్తానని విప్లవ్ మొగిలితో పందెం కాశాడు. మొదటి చుక్కలో గుట్ట చివర ఉంది, నోట్ తెరిచాడు, డాక్టరు 'బానిస' అని రాశాడు, ఎఫ్ పదమూడు వేశాడు. రెండోదాంట్లోనూ గుట్ట చివరే. మూడోదాంట్లోనూ అంతే. కాలనీ అంతా ఒకే కాంపౌండ్‌లో, అంటే ఒకే కల్లు దుకాణంలో తాగిందని వాడికి అర్థమైంది. అక్కడితో మొదటి వరుసను పట్టుకుని కిందికి లాగాడు. టిక్కుతో సహా నాలుగువందల పదకొండు గడులు చీర మడత విప్పినట్టు బరబరా నిండిపోయాయి. బొటనవేలు పెట్టాడు. పన్నెండున్నరకు క్యాంటీన్లో మొదటి ముద్ద వాడిదే. ప్రపంచంలో ఇంత వేగంగా కోడ్ చేసినవాడు లేడని ఆ మధ్యాహ్నమంతా చెప్పుకున్నాడు. అది నిజం కూడా కావచ్చు.

ఇప్పుడు మొగిలి పంపు చూపిన రక్తం నంబరుతో వెతికి ఆ వరుసల్ని తెర మీదికి తెచ్చాడు.

"మీ అవ్వది నూట ఎనభై మూడు."

"దాన్నొక్కదాన్ని ఆర్ డెబ్బై ఎనిమిది జెయ్."

"ఒక్కటి తియ్యరాదురా. ఒక్క సీలు కింద లాగినవన్నీ ఒకటే మూట. ఇప్పితే మూటంత ఇప్పాలె." మొగిలి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పాల్నంటే సీలేసినోడు ఆడిటర్ ముంగట నోటితోని ఒప్పుకోవాలె. చూడకుండ వేసిన అని. అప్పుడు అన్ని తాళాలు అప్పటికప్పుడు పడిపోతయి. ఇగ నీ బొటనవేలు పోతది. మల్ల జన్మల కోడర్‌వి కావు. కేసు గూడ."

"ఒప్పుకోకపోతే?"

"అప్పీలు. నలభై అయిదు రోజులు."

కొమురమ్మకు డాక్టరు చెప్పిన గడువు అంతకంటే తక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నోట్ తెరువు," అన్నాడు విప్లవ్.

నూట ఎనభై మూడో నంబరు కింద డాక్టరు స్పష్టమైన అక్షరాలతో రాశాడు: 'చాలా ఏళ్ళ కింద కొన్ని నెలలు కల్లు తాగింది. మానేసింది. అలవాటు లేదు.'

చదవడానికి ఎనిమిది సెకన్లు పట్టింది. విప్లవ్ ఇంకోసారి చదివాడు. ఇంకో ఎనిమిది.

మొగిలి పైదీ కిందదీ తెరవబోతే వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దురా. అవన్నీ నాకెందుకు?"

మొగిలి చెయ్యి విడిపించుకున్నాడు.

బడిలో ఉన్నప్పుడు పరీక్ష తప్పిన ముగ్గురి మార్కుల కాగితాల మీద ఒకే తండ్రి సంతకం పెట్టించి నెగ్గుకొచ్చిన ఘనుడు విప్లవ్. మనిషన్నాక దొడ్డిదారి ఒకటి ఉండి తీరుతుందని వాడి నమ్మకం. పంపుకు కావాల్సింది రక్తమే కదా. రబ్బరు తొడుగులో వేలు ఒకటి కత్తిరించి, అందులో మంచి రక్తం నింపి, అవ్వ వేలికి తొడిగితే సరి.

"నా రక్తం జాలు," అన్నాడు. "కల్లు ముంత ముట్టినోన్ని గాదు. మా నాయినను జూసి వాసనంటేనే వాంతికొస్తది నాకు. నా అంత శుభ్రమైన రక్తం ఈ రాష్ట్రంల దొరకది."

"పోనీ మొదలు మిషన్ల ఏసి చూద్దాం పా," అన్నాడు మొగిలి.

కూలర్ చప్పుడు అర నిమిషం నడిచింది. తెర ఎడమవైపు చదును. మధ్యలో చదును. చిట్టచివర, గోరంత గుట్ట.

"మిషన్ ఖరాబైంది," అన్నాడు విప్లవ్ వెంటనే. మూడేళ్ళలో వేలమంది ఆ మాట చెప్పి బతిమాలితే వాడు ఒక్కరి మాటా నమ్మలేదు.

మొగిలి తెరకు ముక్కు ఆనించి వలయాలు లెక్కపెట్టాడు. ఒకటే ఉంది, అదీ నట్టనడుమ.

"నువ్వు పుట్టిన ఏడాదిది," అన్నాడు నెమ్మదిగా. "నేను గూడ నీ లెక్క లాగితే, నువ్వు ఎఫ్ పదమూడే బిడ్డా."

*

మర్నాడు పొద్దున వార్డుకు వెళ్ళేసరికి కొమురమ్మ కొరుక్కున్న పెదవి నుంచి రక్తం వస్తోంది. విప్లవ్ జేబులో రబ్బరు వేలు ఉంది. అందులో మొగిలి రక్తం, దగ్గు మందు కూడా తాగని మొగిలి రక్తం.

"అవ్వా, నేను పుట్టినప్పుడు కల్లు దాగినవా?"

"గిప్పుడెందుకురా అది?" ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నీకు పాలు సాలకపోయె. బొక్కలు తేలి పిల్లి కూన లెక్క ఉంటివి. ఈత కల్లు దాగితే పాలు పడ్తయని మంత్రసాని జెప్పింది. ఊళ్ళెనైతే చెట్టు కల్లు దొరుకు. పట్నంల ఏడ దొరుకుతది? కాంపౌండ్‌ల సీసా తెప్పిచ్చుకున్న. మూడు నెలలు దాగిన. తాగినంక నేను పండేదాన్ని, నువ్వు పండేటోనివి. మంచి కల్లే అనుకున్న." ఆగింది. "అండ్ల పొడి గలుపుతరని నాకేమెరుక కొడుకా? నువ్వైతే బతికినవు."

విప్లవ్ ఎడమ చేత్తో ఆమె వేలు పట్టుకుని, కుడి చేత్తో రబ్బరు తొడుగు తొడిగి, పంపులోకి తోశాడు.

సూది దిగింది. పంపు ఒక క్షణం ఆలోచించింది. రక్తం మంచిదే గాని దానికి నాడి లేదు. అన్నీ తెలిసిన విప్లవ్‌కు పంపు నాడి కూడా చూస్తుందని తెలియదు. అది కుక్కర్ విజిల్‌లా కూత మొదలుపెట్టింది. ఒక మంచం దగ్గర మోసం దొరికితే వార్డులో ఉన్న పంపులన్నీ గంటసేపు, లేదంటే ఆడిటర్ వచ్చి విప్పేదాకా మూతపడేలా దాన్ని తయారుచేశారు. ఆరు మంచాల దగ్గర ఆరు ఎర్ర లైట్లు వెలిగాయి. కిటికీ పక్క ముసలాయనకు సగం ఎక్కిన మందు ఆగిపోయింది. ఆయన కాసేపు అర్థంకానట్టు గొట్టం వైపు చూసి, తర్వాత మూలగడం మొదలుపెట్టాడు.

"ఏం జేసినవయ్యా!" సువార్త సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "ఆయనేం పాపం జేసిండు?"

ఆమె వెనకే ఆడిటర్ వహీదా మేడం వచ్చింది. నాలుగు మంచాల ఫిర్యాదు మీద పొద్దుటి నుంచి ఆవిడ ఆ దవాఖానలోనే ఉంది. కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. ముప్పై ఏళ్ళు కోడరుగా చేసి ఆడిటరైన మనిషి. గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు.

"ఈ వేలు ఎవరిది?" అంది రబ్బరు తొడుగును పట్టుకుని.

"మేడం, మా అవ్వకు అన్యాయం జరిగింది. సీలు ముప్పై ఒకటి అట. కనుక్కున్న మేడం. వాడు పోయిన నెలనే నౌకరి ఇడిసిపెట్టి దుబాయ్ పోయిండంట. దొరకడు. మీరే జెర మా అవ్వదొక్కటి..."

"నిన్న పొద్దున లిఫ్ట్‌లో నాకు గుడ్ మార్నింగ్ చెప్పినవు కదా విప్లవ్," అంది వహీదా. "దుబాయ్ నుంచి చెప్పినవా?"

విప్లవ్ చేతులు జోడించాడు.

"ఒక్కటి చెయ్యండి మేడం. నూట ఎనభై మూడు. నోట్ల రాసి ఉంది, అలవాటు లేదని. ఒక్కటే."

వహీదా మంచం అంచున కూర్చుంది. "బీడీ కాలనీ శిబిరానికి వచ్చిన హసన్‌పర్తి దిక్కు ఒకామెకు పోయిన వారం కాలు తీసేసిన్రు. ఆపరేషన్ అయినంక ఆమె మీద ఈ సీలే ఉందని పంపు తెరుచుకోలేదు. మూడు రోజులు అరిచింది. నాలుగో రోజు గుండె ఆగింది. ఆమెది తొంభై ఆరు. ఆమె నోట్ కూడా నేను చదివిన. మీ అమ్మది ఒక్కటి ఎట్ల తియ్యమంటవు?"

కొమురమ్మ కళ్ళు తెరిచింది. కొడుకు వంక కాదు, వాడి కుడి చేతి వంక చూసింది. "ముప్పై ఒకటి నువ్వేనారా?"

వాడు ఏదో ఒకటి అనడానికి నోరు తెరిచాడు. కంప్యూటర్ అందామనుకున్నాడు. వైరస్ అందామనుకున్నాడు. ఆఖరికి మేక కూడా గుర్తొచ్చింది. తల్లి వేళ్ళు మళ్ళీ దుప్పటిని పట్టుకుని తెల్లబడడం చూశాడు.

"నేనే అవ్వా."

వహీదా ఫోన్లో రికార్డు నొక్కి మంచం మీద పెట్టింది. "అడిగినదానికి జవాబు చెప్పు. నాలుగువందల పన్నెండు నోట్లల్లో ఎన్ని చూసినవు?"

"ఒకటి."

"మిగతావి?"

"చూడలే మేడం. చూసిన అని టిక్ వెట్టి లాగిన. అన్నం యాళ్ళకు అయిపోవాల్నని లాగిన. పందెం గాసిన. ఎవలూ జెప్పలే, ఎవలూ తొందర వెట్టలే. నేనే."

అంత పొట్టి మాటలు వాడు ఎన్నడూ మాట్లాడలేదు. వహీదా తెర మీద వేలు ఆనించింది. పంపుల కూత ఆగింది. మొదట కిటికీ దగ్గరిది, తర్వాత గోడ పక్కవి, చివరికి కొమురమ్మది, ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. ఈసారి సిస్టర్ ఆమె వేలు పెట్టగానే మందు గొట్టంలోకి జారింది. జిల్లాలో ఇంకెన్ని మంచాల దగ్గర అప్పుడు అలా జారిందో విప్లవ్‌కు తెలియదు. ఎవరికి ఆలస్యమైపోయిందో కూడా తెలియదు.

కొమురమ్మ పిడికిలి సడలడానికి చాలాసేపు పట్టింది. వహీదా ఫోన్ తీసుకోబోయి ఆగింది. రికార్డు ఇంకా నడుస్తూనే ఉంది.

"ఇంకొక్కటి. ఇది ఫారంలో లేదు, నేనే అడుగుతున్న. మీ అమ్మ ఆ మూటలో లేకపోతే వచ్చి చెప్తుంటివా?"

విప్లవ్ తల్లి వైపు చూశాడు. ఆమె నిద్రపోలేదు. వింటోంది.

"లేదు మేడం," అన్నాడు. "చెప్పకపోతుంటి."